పుర్రచేతి బంతి

గొప్ప స్పిన్నర్ ఎవరని అడిగితే చదువుకుంటున్న మన కుర్రాళ్లు తడుముకోకుండా అంకెలు చెబుతారు. మురళీధరన్ 800, షేన్ వార్న్ 708, కుంబ్లే 619, అశ్విన్ 537. పెద్ద అంకె పైమెట్టు మీద, చిన్న అంకె కిందిమెట్టు మీద. మెట్ల మీద మనుషుల్ని పేర్చడం ఈ దేశానికి కొత్త కాదు గనక ఈ లెక్కని ఎవరూ అనుమానించరు. నేను అనుమానిస్తాను. అంకెలు తప్పని అనను. ఆ అంకెల పుస్తకం ఎప్పుడు తెరిచారు, తెరిచిన రోజున లోపల ఎవరున్నారు, గుమ్మం అవతల ఎవరున్నారు అని అడుగుతాను.

ఇండియా మొదటి టెస్టు మ్యాచ్ ఆడింది 1932లో. అంతకుముందు ఈ దేశంలో బంతి తిప్పినవాడెవరికీ ఆ పుస్తకంలో చోటు లేదు. పల్వంకర్ బాలూకి అప్పటికి యాభై ఐదేళ్లు దాటిపోయాయి. కొంకణం నుంచి వచ్చిన చమార్ కుటుంబం అతనిది. మన వైపు లెక్కలో చెప్పాలంటే మాదిగ. ఎడమచేతి స్పిన్నర్. ఫస్ట్ క్లాస్ క్రికెట్లో 33 మ్యాచ్‌లాడి 179 వికెట్లు తీశాడు. ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు సగటున 15.21. టెస్టు లెక్కలో మాత్రం అతనికి సున్న కూడా లేదు. సున్న రాయాలన్నా ముందు పేరు రాయాలి గదా!

ఈ బాలూని పక్కన పెట్టి తరతరాల స్పిన్నర్లని తూకం వేస్తే ఆ తూకం తప్పుతుందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. చెప్పడానికి నాకేం హక్కుందంటారా? బంతితో మా ఇంటికున్న సంబంధం ముందు చెబుతాను.

మాది చింతపల్లి. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022 దాకా విశాఖ జిల్లా. నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి, లంబసింగి మంచు దాటి వస్తే మా ఊరు. కొండ మీద బగతలు, కొండదొరలు, కోందులు, ఇంకా ఎన్నో తెగల వాళ్లుంటారు. మేం గిరిజనులం కాదు. కింద మైదానంలో బతుకు తెల్లారక మా తాత కొండెక్కాడు. కొండ మీద భూమి గిరిజనులది. అది వాళ్లకే ఉండాలి, 1/70 చట్టం వచ్చింది అందుకే. ఆ చట్టాన్ని దొడ్డిదారిన దాటి భూములు కాజేసిన వాళ్లు వేరే ఉన్నారు. మాకు మాత్రం కిందా సెంటు లేదు, పైనా సెంటు లేదు. మా అయ్య ఆస్తి ఒక ఆరె, ఒక రంపె, ఒక ఇనప దిమ్మ, మైనం పూసిన దారం. సంత రోజున చెట్టు కింద గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టేవాడు.

డెబ్బైల చివర్లో మాట. కొండ మీదకి ఉద్యోగాలకొచ్చిన వాళ్లు, షావుకార్ల కొడుకులు కలిసి క్రికెట్ జట్టు కట్టారు. తోలు బంతి అప్పట్లో మా కొండ మీద దొరికేది కాదు. ఉన్న బంతి కుట్లు ఊడిపోతే మా అయ్య దగ్గరికి తెచ్చేవారు. చేతికిచ్చేవారు కాదు. నాలుగడుగుల అవతల నిలబడి పట్టా మీదకి విసిరేవారు. కుట్టిన తర్వాత మా అయ్య కూడా చేతికివ్వకూడదు, దొర్లించాలి. కానీ ఆ మర్నాడు అదే బంతిని ఉమ్ము రాసి, చొక్కాకి, పంట్లాముకి రుద్ది రుద్ది మెరిపించేవారు. బంతికి అంటు లేదు. కుట్టినవాడికే ఉంది.

రాత్రి లాంతరు దగ్గర ఆ బంతి మా ఇంట్లో ఉండేది. లోపల బెండు, దాని మీద బిగించి చుట్టిన దారం, ఆ పైన పటికతో పదునుపెట్టి ఎర్రరంగు వేసిన తోలు. నడుం చుట్టూ ఆరు వరసల కుట్టు. నూట అరవై గ్రాముల అటూ ఇటూ బరువు. మా అయ్య కుడుతూ చెప్పేవాడు: "ఈ కుట్టేరా దీని పేణం. కుట్టు మీద ఏలెట్టినోడి మాటే బంతి ఇంటాది." మా అయ్య జన్మలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. కానీ స్పిన్ పాఠం మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. 1947 తర్వాత సియాల్‌కోట నుంచి ఈ పని జలంధర్‌కి, మీరట్‌కి వచ్చింది. అక్కడ కూడా తోలు కోసేవీ బంతి కుట్టేవీ ఎక్కువగా మనవాళ్ల చేతులే. ఆ చేతుల్లో ఎన్నింటికి బంతి విసిరే వీలు దొరికిందో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

నాది పుర్రచేతి వాటం. అన్నం పుర్రచేత్తో ముట్టుకుంటే మా అమ్మ చేతి మీద గరిటెతో కొట్టేది. బంతి దగ్గర ఆ చేతిని ఎవరూ ఆపలేదు. గెడ్డ ఒడ్డున ఏటవాలు జాగాలో రబ్బరు బంతి వేసి వేసి తిప్పడం నేర్చుకున్నాను. బంతి తప్పిపోతే గెడ్డలో పడుతుంది, దిగి తెచ్చుకోవాలి. అందుకని అడ్డదిడ్డంగా వెయ్యకుండా ఒక్కచోట వెయ్యడం వచ్చింది. తర్వాత చదువుకోసం మైదానంలో ఒక కాలేజీకి వెళ్లాను. రెండేళ్లు ప్రతి సాయంత్రం నెట్స్‌లో నా చేత బంతులు వేయించుకున్నారు. ఒక్క మ్యాచ్‌లో కూడా పదకొండుమందిలో నా పేరు లేదు. అడిగితే "నీకు బ్యాటింగ్ రాదు గదా" అన్నారు. రెండేళ్లలో ఒక్కసారి బ్యాట్ చేతికిచ్చి చూసినవాడు లేడు.

రామచంద్ర గుహ ఇండియా క్రికెట్ చరిత్ర రాసిన పుస్తకం 2002లో వచ్చింది. బాలూ సంగతి చాలామందికి తెలిసింది దాంతోనే. అది చదువుతూ నెట్స్ అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

బాలూ తండ్రి పూనాలో సైన్యంలో పనిచేసేవాడు. సైనికులు వాడి పారేసిన సామానుతో బాలూ, తమ్ముడు శివరాం ఆట నేర్చారు. బాలూ మొదటి ఉద్యోగం ఒక పార్సీ క్లబ్బులో పిచ్ ఊడవడం, రోలర్ లాగడం. నెలకి మూడు రూపాయలు. 1892 ప్రాంతంలో తెల్లవాళ్ల పూనా క్లబ్బుకి మారాడు. అక్కడ నాలుగు రూపాయలు. పిచ్ చదును చెయ్యాలి, నెట్లు కట్టాలి, సాయంత్రం విప్పాలి. అలా ఉండగా ఒక తెల్లవాడు సరదాకి బంతి వెయ్యమన్నాడు. ఆ తర్వాత ఇక వేస్తూనే ఉన్నాడు. అప్పట్లో ఇండియాలో ఉన్న ఇంగ్లీషు బ్యాట్స్‌మన్లలో పేరున్నవాడు జె. జి. గ్రెగ్. ఇతరులకన్నా ముందే వచ్చి బాలూ చేత బంతులు వేయించుకునేవాడు. తనని ఔట్ చేసిన ప్రతిసారీ ఎనిమిదణాలు ఇచ్చేవాడని చెప్పుకుంటారు. లెక్క కట్టి చూడండి. ఎనిమిదిసార్లు దొరని ఔట్ చేస్తే ఒక నెల జీతం. ఇన్ని వందల గంటలు వేయించుకుని కూడా ఆ క్లబ్బులో ఒక్కనాడూ బాలూకి బ్యాట్ ఇవ్వలేదు.

ఇందులో ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండులోనే మొదటినుంచీ దొరబాబులు బ్యాట్ పట్టుకునేవారు, డబ్బులు పుచ్చుకునే పనివాళ్లు బంతులు వేసేవారు. బౌలింగ్ చాకిరీ, బ్యాటింగ్ విలాసం. ఆ చాకిరీలోంచే కళ పుట్టింది. రోలర్ లాగినవాడికి పిచ్ మీద ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ తడి ఆరలేదు అనేది అరికాలికి తెలుస్తుంది. పొద్దున్న ఊడ్చినచోటే మధ్యాన్నం బంతి వేశాడు బాలూ. ఆ జ్ఞానాన్ని ఎవరూ జ్ఞానమనలేదు.

పూనాలో హిందువుల జట్టుకి బౌలర్ కావలసి వచ్చింది. బాలూని తీసుకోవాలా వద్దా అని తగువు. గుహ రాసినదాని ప్రకారం ఆ క్లబ్బులో ఉన్న తెలుగువాళ్లు తీసుకుందామన్నారు, మరాఠీ బ్రాహ్మణులు ఒప్పుకోలేదు. ఇక్కడ మన తెలుగువాళ్లకి దండలు వెయ్యక్కర్లేదు. సొంత ఊళ్లో తమ వాడకి ఏం చేశారో మనకి తెలీదేమిటి! అయినా ఉన్నది ఉన్నట్టు రాయాలి. చివరికి గ్రెగ్ కల్పించుకుని, ఇతన్ని వదులుకుంటే మీకన్నా తెలివితక్కువ వాళ్లుండరు అన్నట్టు పత్రికకి చెప్పాక బాలూని తీసుకున్నారు.

తీసుకుని ఏం చేశారు? మైదానంలో ఆ చేతినుంచి వచ్చిన బంతినే అందరూ పట్టుకున్నారు. టీ వేళకి వాళ్లు లోపల పింగాణీ కప్పుల్లో తాగారు. బాలూకి బయట మట్టి పిడతలో పోశారు, తాగి పగలగొట్టడానికి. భోజనం వేరే బల్ల మీద, వేరే పళ్లెంలో. మొహం కడుక్కోవాలంటే మైదానం మూలకి ఇంకో అంటరాని నౌకరు నీళ్లు తేవాలి. ఆ మనిషే సతారాలో తెల్లవాళ్ల మీద ఆడబోతే, ఇతనికి బంతి తిరక్కూడదని వారంరోజులు రోలర్ తొక్కించి పిచ్‌ని బండలాగ చేశారు. అయినా ఏడు వికెట్లు తీశాడు.

ఇప్పుడు తూకానికి వద్దాం. బాలూ కాలంలో ప్రపంచంలోనే పేరున్న ఎడమచేతి స్పిన్నర్ ఇంగ్లండు వాడు విల్‌ఫ్రెడ్ రోడ్స్. యార్క్‌షైర్ పల్లెలో కష్టజీవుల ఇంట పుట్టాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్లో 4,204 వికెట్లు. అంతకన్నా ఎక్కువ ఈనాటికీ ఎవరూ తియ్యలేదు. 4,204 పక్కన 179 పెడితే నవ్వొస్తుంది. కానీ ఆ పక్క గడి కూడా చూడండి. రోడ్స్ ఆడిన మ్యాచ్‌లు 1,110. బాలూ ఆడినవి 33. రోడ్స్ ఒక్క వేసవిలో ఆడినన్ని మ్యాచ్‌లు బాలూ పదిహేనేళ్లలో ఆడాడు. అందులో కూడా పెద్ద భాగం 1911లో ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆడినవే. మ్యాచ్‌కి ఎన్ని వికెట్లని చూస్తే రోడ్స్‌వి నాలుగుకి లోపు, బాలూవి ఐదుకి పైన. ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు రోడ్స్‌వి 16.72, బాలూవి 15.21.

అంటే రోడ్స్ కన్నా బాలూ గొప్పవాడనా? అలా తేల్చెయ్యడం కూడా మోసమే. రోడ్స్ ముప్పయ్యేళ్లు ఆడాడు, మధ్యలో కొన్నేళ్లు బౌలింగ్ తగ్గించి బ్యాట్స్‌మన్‌గా ఎదిగాడు. బాలూ ఇక్కడ ఎదుర్కొన్న జట్లన్నీ ఇంగ్లండు కౌంటీలంత గట్టివి కావు. ఆనాటి పిచ్‌లకి కప్పు లేదు. వాన పడితే పిచ్ తడిసి, ఎండకి ఆరేటప్పుడు బంతి బొంగరంలా తిరిగేది. అందుకే నేను 1911 దగ్గర ఆగుతాను. పాటియాలా మహారాజు నాయకత్వంలో వెళ్లిన ఆ జట్టు 23 మ్యాచ్‌లాడి ఆరే గెలిచింది. అంత బలహీనమైన జట్టులో, మంచి ఫీల్డర్లు కూడా లేనిచోట, బాలూ అన్ని మ్యాచ్‌లూ కలిపి 114 వికెట్లు తీశాడు, సగటు 18.84. రోడ్స్ పుట్టిన దేశంలో, రోడ్స్ ఆడే పిచ్‌ల మీద. అప్పటికి అతనికి ముప్పై ఐదేళ్లు. ఇతన్ని రోడ్స్ పక్కన కూర్చోబెట్టడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రోడ్స్‌కీ గోడలున్నాయి. డబ్బులు పుచ్చుకుని ఆడేవాళ్లు ప్లేయర్లు, కులాసాకి ఆడే దొరలు జెంటిల్‌మెన్. చాలా మైదానాల్లో వేరే గుమ్మాలు, వేరే గదులు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండు టెస్టు జట్టుకి డబ్బు పుచ్చుకునే ఆటగాడు మామూలు కెప్టెన్ కావడానికి 1952లో లెన్ హట్టన్ దాకా ఆగాలి. అది వర్గం. వర్గం గోడ ఎత్తయినదే. కానీ రోడ్స్ తాగిన కప్పుని ఎవరూ పగలగొట్టలేదు. బాలూకి తెల్లవాడి గోడ ఒకటి, సాటి హిందువు గోడ ఇంకొకటి. రోడ్స్ చెమట రోడ్స్‌కి అంటరానితనం తేలేదు.

బాలూకి కెప్టెన్సీ ఇవ్వలేదు. 1906లో బొంబాయిలో హిందువులు యూరోపియన్లని 109 పరుగుల తేడాతో ఓడించినప్పుడు బౌలింగ్ భారం మోసిందతను. ఆ తర్వాత పదేళ్లకి పైగా జట్టులో అతనికన్నా అనుభవమున్నవాడు లేడు. ఏటా కెప్టెన్ ఎంపిక వచ్చేది, ఏటా పైకులం వాడికే పోయేది. 1920లో బాలూని పక్కన పెట్టి కెప్టెన్సీ వేరేవాళ్లకిచ్చేసరికి తమ్ముళ్లు శివరాం, విఠల్ జట్టునుంచి తప్పుకున్నారు. ఇది కులం వల్ల జరిగిన అవమానమని అందరికీ తెలిసేలా రాసి మరీ తప్పుకున్నారు. ఆట ఆపెయ్యడం కూడా పోరాటమే. దాంతో బాలూని వైస్ కెప్టెన్‌గా వెనక్కి తీసుకున్నారు. కెప్టెన్ పాయ్ మైదానం వదిలి వెళ్లిన కాసేపు మాత్రం బాలూ జట్టుని నడిపాడు. అంతే. 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు, జట్టుని గెలిపించాడు. అన్న వేసిన దారిలో తమ్ముడు నడిచాడు.

ఆ సంవత్సరాలు చూస్తుంటే మా చింతపల్లి గుర్తొస్తుంది. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ మా ఘాట్ రోడ్డు పనికి కొండవాళ్లని తోలి, కూలి సరిగా ఇవ్వక పీడించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు మా చింతపల్లి పోలీసుస్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లింది. ఆ దండులో గాం గంటందొర లాంటి గిరిజన వీరులున్నారు. పిచ్ చదును చేసినవాడికి మ్యాచ్ లేదు. రోడ్డు వేసినవాడికి కూలి లేదు. క్రికెట్ చరిత్ర వేరు, మన్యం చరిత్ర వేరు అనుకుంటాం గానీ, చాకిరీ ఎవరిది, పెత్తనం ఎవరిది అనే చోట రెండూ కలుస్తాయి.

పెత్తనం అంటే ఇంకో పేరు చెప్పాలి. మా కొండ దిగి ఉత్తరానికి పోతే విజయనగరం. ఆ సంస్థానం బిడ్డ మహారాజకుమార్ విజ్జీ. 1936లో ఇండియా జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లాడు. మూడు టెస్టుల్లో అతను చేసిన మొత్తం పరుగులు 33. సగటు 8.25. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఓడెక్కించి ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో 33 పరుగులవాడు దేశానికి కెప్టెన్. 33 మ్యాచ్‌ల్లో 179 వికెట్లవాడు పూర్తిగా ఒక్క మ్యాచ్‌కి కూడా కెప్టెన్ కాలేదు. రైతుల శిస్తు డబ్బుకి ఉన్న బలం స్పిన్‌కి లేదు. ప్రతిభ, ప్రతిభ అని రిజర్వేషన్ల మీద విరుచుకుపడేవాళ్లు విజ్జీ సగటు కంఠతా పట్టాలి.

మన ఉద్యమంలో ఉన్నవాళ్లు ఇక్కడ ఒకటి అడుగుతారు. అడగాలి కూడా. బాలూ అంబేద్కర్ పక్షాన లేడు గదా అని. నిజమే. 1911లో ఇంగ్లండు నుంచి తిరిగొచ్చినప్పుడు అణగారిన కులాలవాళ్లు బాలూకి సన్మానం చేశారు. యువకుడు అంబేద్కర్‌కి అతనంటే అభిమానం. కానీ 1932లో ప్రత్యేక నియోజకవర్గాల దగ్గర దారులు వేరయ్యాయి. బాలూ ఎం. సి. రాజాతో, గాంధీ వైపు నిలబడ్డాడు. పూనా ఒప్పందం మీద అతని సంతకం కూడా ఉంది. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ అతన్ని అంబేద్కర్ మీదే పోటీకి పెట్టింది. సుమారు రెండువేల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా పనికిరాని మాదిగవాడు అంబేద్కర్ మీద నిలబెట్టడానికి పనికొచ్చాడు! ఇది బాలూ మీద కోపమో జాలో చూపించి వదిలేసే విషయం కాదు. మనవాళ్లలో పేరొచ్చిన ప్రతివాడికీ ఈ పిలుపు వస్తుంది. ఇవాళా వస్తోంది. బాలూకి గుడి కట్టమని నేననడం లేదు. అతని రాజకీయం ఒప్పుకోనివాడు కూడా అతని వికెట్లు కొట్టెయ్యకూడదు అంటున్నాను.

వికెట్లు కొట్టెయ్యడానికి ఇంకో తెలివైన పద్ధతి ఉంది. 2001లో లగాన్ సినిమా వచ్చింది. అందులో అంటరానివాడి పేరు కచ్రా. కచ్రా అంటే చెత్త. అతనికి చెయ్యి అవుడు. ఆ అవుడు చేతినుంచి బంతి దానంతటదే తిరుగుతుంది. నాయకుడు చూసి, గుర్తించి, జట్టులోకి తెస్తాడు. చూసినవాళ్లు కంటనీరు పెట్టుకున్నారు. నాకు నీళ్లు రాలేదు. వందల గంటలు వేసి సాధించిన విద్య అంటరానివాడి దగ్గరికొచ్చేసరికి దైవికంగా దొరికిన అవిటితనం అయిపోయింది. చంద్రశేఖర్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చి కుడిచెయ్యి సన్నబడింది. నిజం. కానీ 1971లో ఓవల్ మైదానంలో 38 పరుగులకి ఆరు వికెట్లు తీసింది పోలియో కాదు. ఆ చేతిని ఎలా వాడాలో కనిపెట్టిన బుర్ర.

చేతిమీద అనుమానం మురళీధరన్‌కీ తప్పలేదు. అతని తాత తమిళదేశం నుంచి సింహళం కొండల్లోని తేయాకు తోటలకి కూలికి వెళ్లినవాడు. కాఫీ తోటల మధ్య బతికే మా కొండవాళ్లకి ఆ వలస అర్థమవుతుంది. తండ్రి నాటికి క్యాండీలో బిస్కెట్ల వ్యాపారం పెట్టి కుదురుకున్నారు. 1995 డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్ అతని బంతులు ఏడింటిని నో బాల్ అన్నాడు, చెయ్యి వంచి విసురుతున్నాడని. పుట్టుకతోనే అతని మోచెయ్యి పూర్తిగా సాగదు. తర్వాత పరికరాలు పెట్టి కొలిస్తే పాతకాలం నుంచి నిఖార్సయిన బౌలర్లనుకున్నవాళ్ల చేతులూ కొంచెం వంగుతున్నట్టు తేలింది. అప్పుడు అందరికీ కలిపి పదిహేను డిగ్రీల హద్దు పెట్టారు. కొలత వచ్చేదాకా అనుమానం ఒక్కడి మీదే. కొలిచాక అందరూ ఒకటే.

ఈ తరాలన్నిటినీ ఒక తక్కెట్లో వెయ్యాలంటే ఏం చూడాలో ఇప్పుడు చెప్పుకోవచ్చు. బిషన్ సింగ్ బేడీ, అశ్విన్ ఇద్దరూ దాదాపు పదమూడేళ్లేసి టెస్టులాడారు. బేడీకి దొరికినవి 67 టెస్టులు, అశ్విన్‌కి 106. బేడీ వికెట్లు 266, అశ్విన్‌వి 537. తేడాలో కొంత చేతిది, కొంత కాలానిది. బేడీ రోజుల్లో బ్యాట్స్‌మన్ కాలు ముందుకి చాపి ప్యాడ్‌తో అడ్డుకుంటే అంపైర్లు ఎల్బీ ఇవ్వడానికి వెనకాడేవారు. కెమెరా రివ్యూలు వచ్చాక ఆ కాలు దాచుకోవలసి వచ్చింది. అశ్విన్ కాలంలో బ్యాట్లు దిట్టమయ్యాయి, బౌండరీ తాడు దగ్గరికి జరిగింది. ఒకచోట తగ్గితే ఇంకోచోట పెరిగింది.

మన తెలుగునేల వైపు చూడండి. హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ పదేళ్లలో ఆడింది 22 టెస్టులు, తీసింది 68 వికెట్లు. తర్వాత అదే ఊరి శివలాల్ యాదవ్‌కి 35 టెస్టులు, 102 వికెట్లు. వెంకటపతి రాజుకి 28 టెస్టులు, 93 వికెట్లు. నాగపూర్లో స్థిరపడిన తెలుగు కుటుంబం వాడు సి. ఎస్. నాయుడు, మొదటి టెస్టు కెప్టెన్ సి. కె. నాయుడి తమ్ముడు. 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయి మీద హోల్కర్ జట్టుకి ఒక్క మ్యాచ్‌లో 917 బంతులు వేశాడు. వేలి చర్మం ఏమై ఉంటుందో! 11 టెస్టుల్లో అతని వికెట్లు మాత్రం రెండు. టెస్టు అంకె ఒక్కటే చూసేవాడికి ఆ 917 బంతులు కనబడవు.

2019 అక్టోబరులో విశాఖలో దక్షిణాఫ్రికాతో టెస్టు జరిగింది. నేను చదువు చెప్పిన పిల్లలు ఇద్దర్ని తీసుకుని బస్సులో వెళ్లాను. అశ్విన్ మొదటి ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీశాడు, ఆ మ్యాచ్‌లోనే 66వ టెస్టులో 350 వికెట్లు పూర్తిచేసి మురళీధరన్ వేగాన్ని అందుకున్నాడు. తిరిగొస్తుంటే ఘాట్ రోడ్డులో కొండదొర కుర్రాడు అడిగాడు: "మేస్టారూ, బాలూ గొప్పోడా, మురళి గొప్పోడా? ఒక్క ముక్కలో సెప్పండి."

"ఒక్క ముక్కలో సెప్పకూడదురా" అన్నాను.

"మరి రెండు ముక్కల్లో సెప్పండి."

రెండు ముక్కల్లో చెప్పాను. బంతి ఎవరు బాగా తిప్పారో మ్యాచ్‌లు చెబుతాయి. ఎన్ని మ్యాచ్‌లు ఆడనిచ్చారో చరిత్ర చెబుతుంది. మురళికి 133 టెస్టులు ఆడనిచ్చారు, ఆ 133లో అతన్ని మించినవాడు లేడు, ఆ గొప్ప అతనికి ఇవ్వాల్సిందే. బాలూకి 33 మ్యాచ్‌లు ఇచ్చారు. ఇచ్చిన వాటిలో అతను తీసినవి రాసుకో, ఇవ్వని వాటికి ఎవరు బాధ్యులో ఆ పక్కన రాసుకో. రెండో గడి ఖాళీగా వదిలేసి మొదటి గడి ఒక్కటీ కూడితే దాన్ని లెక్క అనరు.

కుర్రాడు కాసేపు ఆలోచించి, "మరి మాకెన్ని ఇచ్చేరు?" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ ప్రశ్నకి జవాబు మీరు రాయాలి. 2025లో ఇండియా ఆడపిల్లలు ప్రపంచకప్ గెలిచారు. అందులో కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఎడమచేతి స్పిన్‌తో 14 వికెట్లు తీసింది. అదే నవంబరులో చూపులేని ఆడపిల్లల టీ20 ప్రపంచకప్ కూడా ఇండియాదే. ఆ జట్టులో మా అల్లూరి జిల్లా పిల్ల కరుణకుమారి ఉంది. గుమ్మాలు కొద్దికొద్దిగా తెరుచుకుంటున్నాయి. ఎవరికి తెరుచుకున్నాయో, ఎవరికి ఇంకా లేదో చూస్తూ ఉండాలి.

మీ కాలేజీ జట్టు ఎంపికప్పుడు నెట్స్‌లో ఎవరు బంతులు వేస్తున్నారో, మ్యాచ్‌లో ఎవరి పేరుందో రెండు జాబితాలు పక్కపక్కన రాయండి. ఆశ్రమ పాఠశాలల్లో బంతులెన్ని, మైదానం ఎంత, కోచ్ ఉన్నాడా అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. బంతులు కుట్టే ఊళ్లకి వెళ్లి ఆ చేతుల పేర్లు రాసుకురండి. మా అయ్య పోయి చాలా ఏళ్లయింది. అతను కుట్టిన బంతులతో ఎవరెవరు ఎన్ని వికెట్లు తీశారో నాకు తెలీదు. కుట్టినందుకు బంతికి రూపాయి ఇచ్చేవారు. ఆ రూపాయి కూడా విసిరే ఇచ్చేవారు.